వెనక స్పీకర్లు గోడకే కొట్టాలని ఎవరన్నారు?

ప్రశ్న: కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాటు మాది. హాల్లో సోఫా గోడకు ఆనుకుని ఉంటుంది. ఒక పక్క బాల్కనీ అద్దాల తలుపు, రెండో పక్క డైనింగ్, అటు గోడే లేదు. 5.1 సెట్ (ఐదు స్పీకర్లు, ఒక బాస్ స్పీకర్) కొన్నాం కానీ వెనక స్పీకర్లకు చోటు లేదు, ఓనర్ డ్రిల్లింగ్ వద్దంటున్నారు. డైలాగులు కూడా సరిగా వినపడవు. వైర్‌లెస్ సెట్ తీసుకుంటే ఈ గొడవ పోతుందా?

జవాబు: మియాపూర్ నుంచీ మణికొండ నుంచీ కూడా ఇదే ఉత్తరం వస్తుంది, ఎందుకంటే బిల్డర్లు అన్నిచోట్లా ఇదే హాలు కడుతున్నారు. ముందు ఒక మాట. 5.1లో వాటిని వెనక స్పీకర్లు అంటాం గానీ అవి నిజానికి పక్క స్పీకర్లు. మీరు టీవీకి ఎదురుగా కూర్చుంటే చెవులకు పక్కగా, కొద్దిగా వెనక్కి, అంటే టీవీ వైపును సున్నా అనుకుంటే 110 నుంచి 120 డిగ్రీల దగ్గర ఉండాలి. సోఫా గోడకు ఉంటే అంత వెనక్కి కుదరదు, సరిగ్గా పక్కన పెట్టినా నష్టం లేదు. గోడ అవసరమే లేదు, రెండు స్టాండ్లు తెచ్చి చెవి కంటే అడుగు ఎత్తులో నిలబెట్టండి. సోఫాను ఒక్క అడుగు ముందుకు లాగండి, గోడ దగ్గర గుమ్మని మోగే బాస్ తగ్గుతుంది. ఒక స్పీకర్ దగ్గరగా, ఇంకోటి దూరంగా వచ్చిందా? టేపుతో కొలిచి ఆ దూరాలు రిసీవర్ (స్పీకర్ల వైర్లన్నీ కలిసే డబ్బా) మెనూలో వేయండి. ధ్వని మీటరు దూరం రావడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ తేడాను రిసీవరే సరిచేస్తుంది.

డైలాగుల సమస్యకు సగం కారణం, మాటలు ఎక్కువగా పలికే మధ్య స్పీకర్‌ను, అంటే సెంటర్ స్పీకర్‌ను టీవీ యూనిట్ అరలో లోపలికి తోసేయడం. అర అంచు దాకా లాగి, ముందు భాగం కింద రబ్బరు ముక్క పెట్టి, ముఖం మీ చెవుల వైపు లేచేలా చేయండి. మిగతా సగం టైల్స్, అద్దం. నేల మీద తివాచీ, బాల్కనీకి మందపాటి కర్టెన్ వేశాక కూడా చాలకపోతే అప్పుడు సెంటర్ సౌండ్ 2, 3 డెసిబెల్స్ పెంచండి.

వైర్‌లెస్ సంగతికి వస్తే, ఆ స్పీకర్లలో చాలావాటికి కరెంటు వైరు ఉండనే ఉంటుంది, మీ సోఫా పక్కన ప్లగ్ ఉందా? నాకు అంతకంటే పెద్ద టెన్షన్ ఇంకోటి ఉంది. ఎప్పుడూ పెయిరింగ్‌కు తెరిచే ఉండే బ్లూటూత్ స్పీకర్లు అమ్ముతున్నారు, అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ పిల్లాడు మీ హాల్లో పాట పెట్టగలడు. వైఫైవి ఇంకా జాగ్రత్తగా చూడాలి. మీరు బ్యాంకు పనులు చేసే ఫోను, ఇంటి కెమెరా ఉన్న నెట్‌వర్క్‌లోనే మైకు ఉన్న స్పీకర్‌ను కూర్చోబెడతాం, రెండేళ్లకు దానికి అప్‌డేట్లు ఆగిపోతే మనకు తెలియను కూడా తెలియదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి వస్తువులకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో తయారీదారు చెప్పి తీరాలి, ఎవరైనా ఊహించగల డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టకూడదు. నేను ఇక్కడ కొన్న ఏ డబ్బా మీదా ఆ తేదీ కనిపించలేదు. వేలకు వేలు తీసుకుంటూ ఆ ఒక్క లైను రాయరా?

కాబట్టి వైఫై స్పీకర్, టీవీ రెండూ రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్‌కు (మీ ఫోన్లున్న నెట్‌వర్క్‌కు వేరుగా ఉండే వైఫైకి) మార్చండి. అక్కడ ఒకదానికొకటి కనపడకపోతే ఆ గెస్ట్ నెట్‌వర్క్‌కు మాత్రమే ఐసోలేషన్ (పరికరాలను ఒకదానికొకటి కనపడనీయని సెట్టింగ్) ఆపేయండి. మైకుకు స్విచ్ ఉంటే ఆఫ్‌లో ఉంచండి. యాప్ కాంటాక్టులు అడిగితే ఇవ్వకండి, పాట వినిపించడానికి మీ అత్తగారి నంబరు దానికెందుకు?

మీరైతే ఉన్న సెట్‌నే ఉంచుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో 16 గేజ్ స్పీకర్ వైరు మీటర్ల లెక్కన దొరుకుతుంది. గోడ అంచు వెంట డబుల్ టేపుతో సన్నని కేసింగ్ అంటించి అందులోంచి లాగండి, డ్రిల్ అక్కర్లేదు. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే కలపండి, ఒక స్పీకర్‌కు తిరగబడినా బాస్ పలచబడుతుంది.