హాస్పిస్‌లో చేరబోతున్న సుధకు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

పెద్ద ఆసుపత్రి ఉద్యోగం మానేసి, నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే హాస్పిస్‌లో నర్సుగా చేరుతున్నావట. మీ అమ్మ ఫోనులో ఒకటే ఏడుపు. నాకూ గుండె ఝల్లుమంది, ఆ వెంటనే గర్వంగానూ అనిపించింది. అమ్మకు నేను నచ్చజెబుతాను.

జీతం, రాత్రి డ్యూటీల సంగతి ముందే అడుగు. రోగిని ఒక్కదానివే లేపకు, నడుము పోతుంది.

అసలు సంగతి మార్ఫిన్, తీవ్రమైన నొప్పిని తగ్గించే ఆ మత్తుమందు. మా రోజుల్లో క్యాన్సర్ వార్డులో రోగి తట్టుకోలేక కేకలు పెడితేనే ఇచ్చేవారు. ముందే ఇస్తే అలవాటు పడతాడని డాక్టర్ల భయం. విసుక్కుంటారని నోరు విప్పక, దుప్పటి అంచు పళ్ళతో కరిచిపట్టుకుని గడియారం చూస్తూ పడుకున్న ఆడవాళ్ళను చూశాను. దానికి తోడు 1985 మాదకద్రవ్యాల చట్టం. లైసెన్సుల బాధ పడలేక చాలాచోట్ల మార్ఫిన్ తెప్పించడమే మానుకున్నారు. 2014లో చట్టాన్ని సడలించినా ఆ జంకు ఇంకా పూర్తిగా పోలేదు.

నొప్పి ముదిరేదాకా మందు ఆపడం తప్పని లండన్‌లో సిసిలీ సాండర్స్ ఎప్పుడో నిరూపించింది. ఆవిడా మొదట నర్సే. నడుము నొప్పి వల్లే ఆ పని వదులుకుంది, అందుకే నీకు అంతగా చెబుతున్నాను. 1948లో చనిపోయిన డేవిడ్ తాస్మా అనే రోగి చావుకు దగ్గరైనవాళ్ళ కోసం ఆమె కట్టబోయే ఇంటికి 500 పౌన్లు రాసిపోయాడు. ముప్పై దాటాక ఆమె వైద్యం చదివింది. సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో నొప్పి తిరగబెట్టకముందే వేళకు మందు ఇప్పించింది. రోగులు మత్తులో జోగకుండా తేరుకుని కబుర్లాడారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే హాస్పిస్ తనే తెరిచింది. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదనా సదన్ అనే హాస్పిస్ మొదలైంది.

కనుక నాలుగు గంటలకోసారి అని రాసి ఉంటే, రోగి అడిగినా అడగకపోయినా ఆ వేళకు ఇవ్వు. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుంది, అందుకని దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజే రాయించు. డాక్టరు మరిచిపోతే మొహమాటపడకుండా గుర్తుచెయ్యి. అయినా బాధ తగ్గలేదంటే మంచం పక్కన కూర్చో. కూతురి పెళ్ళి దిగులో, తీరని అప్పో లోపల తొలుస్తుంటుంది. సాండర్స్ దాన్నీ నొప్పిలోనే లెక్కగట్టింది. చావును తొందరపెట్టడానికీ, బలవంతంగా వాయిదా వేయడానికీ కాదమ్మా అక్కడ నువ్వుండేది. ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి మనిషిలా బతకాలి.

నా భయమంతా నీ గురించే. కష్టం వస్తే అన్నం మానేసి గది తలుపు వేసుకుంటావు. అక్కడ అలా చేశావంటే వచ్చి చెవి మెలిపెడతాను. నీ చేతుల్లో మొదటి మనిషి పోయిన రోజు, ఎంత రాత్రయినా సరే, ముందు నాకు ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ