మాటకారివి కాకపోతే ఏం?

అమ్మాయీ,

హైదరాబాద్ నగరంలో శాఖా గ్రంథాలయం చేతికొచ్చింది, నలుగురిలో నోరు విప్పలేను, నిధులెలా అడగను అని రాశావు. నీ తీరు మార్చుకోకు. దానికి తగిన దారి పట్టు. మాటకారులు గ్రంథాలయ సంస్థ చైర్మన్ గదిలో హామీ తెచ్చుకుంటారు, ఆయన మారగానే హామీ పోతుంది. నువ్వు కాగితం మీద అడుగు.

కౌంటర్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టు. ఎవరైనా అడిగి, లేదనిపించుకున్న పుస్తకం పేరు, భాష, తేదీ అందులో రాయి. రోజుకు మూడుసార్లు హాల్లో తలలు లెక్కపెట్టు: పత్రికలు చదివేవాళ్లు, పోటీ పరీక్షలవాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు, వేర్వేరుగా. సంతకాల రిజిస్టరును నమ్ముకోకు, పేపరు చూసి పోయేవాళ్లలో చాలామంది సంతకం పెట్టరు. ఆడవాళ్ల గడి ఖాళీగా ఉంటే వాళ్లకు చదువు మీద ఆసక్తి లేదనుకోకు. మరుగుదొడ్డికి గడియ ఉందా, సాయంత్రం గుమ్మం దగ్గర లైటు వెలుగుతోందా, ముందు అది చూడు.

మూడు నెలల లెక్క చేతికొచ్చాక సంస్థకు ఒక్క పేజీ ఉత్తరం రాయి. ఒకటే కోరిక: ఇరవై కుర్చీలు కావచ్చు, ఒక ఉర్దూ దినపత్రిక కావచ్చు. కింద నీ అంకెలు. ఐదు అడిగితే చవకైనది ఇచ్చి ఫైలు మూసేస్తారు. బడ్జెట్ ప్రతిపాదనలు తయారుకాకముందే ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకో. డబ్బు లేదంటారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు ఉంది, జీహెచ్ఎంసీ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. అది దేబిరించే సొమ్ము కాదు. అయితే బకాయిల గురించి నువ్వు పత్రికలకు ఎక్కకు, సర్వీసు నిబంధనలు అడ్డొస్తాయి. పాఠకులు సమాచార హక్కు కింద అడగొచ్చు, వాళ్లను ఎవరూ ఆపలేరు.

ఇక నువ్వెవరన్న సంగతి. నీ ఊరి యాస దాచకు. కౌంటర్లో పుస్తకభాష వినబడితే కొత్తవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. నిజాం కాలంలో, 1901లో, తెలుగువాళ్లు తమ భాష కోసం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకున్న ఊరిది. ఈరోజు నీ దగ్గర ఉర్దూ పుస్తకం అడిగే పెద్దాయన అదే అడుగుతున్నాడు. బీరువాల మీద పేర్లు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలో రాయించు. కొనాల్సిన పుస్తకాల జాబితా, అదే ఇండెంటు, పంపేముందు నోటుపుస్తకం పక్కన పెట్టుకుని చూడు. పాఠకులడిగిన పేర్లు సగమైనా లేకపోతే, కొంటున్నది నీ ఇల్లూ నీ కులమూ నేర్పిన రుచిని. నిదానస్తులకే ఈ జబ్బు ఎక్కువ, ఎవరూ పట్టుకోరు కనుక.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఉపన్యాసం నీకు గిట్టకపోతే ఓ పాఠకురాలికి మైకివ్వు. కార్పొరేటర్‌ను మాత్రం ఆ వారంలో పిలవకు. సభ కోసం బల్లలు తీసేస్తారు, హాలు ఖాళీగా కనిపిస్తుంది. గ్రూప్స్ పరీక్షలకు నెల ముందు, ఓ మామూలు పొద్దున, మెట్ల మీద కూర్చుని చదివేవాళ్లున్నప్పుడు రమ్మను.