కృష్ణా తుంగభద్రల సంగమం చూడాలంటే అలంపురంలో ఏ గుడికి వెళ్ళాలి?

మీరు అడిగినది ఇది: హైదరాబాదు నుంచి అరవై దాటిన తల్లిదండ్రులను తీసుకొని ఒక్క రోజు ప్రయాణంగా వచ్చి, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న పాత సంగమేశ్వరాలయాన్ని దర్శించుకొని, అక్కడే స్నానం చేయించాలని ఉంది; అలంపురంలో ఉన్న గుడీ, ఎండాకాలంలో నీళ్ళలోంచి బయటపడుతుందని చెప్పుకొనే గుడీ ఒకటేనా? ఒకటి కాదు. పైగా, మీరు వెతుకుతున్న గుడి ఇప్పుడు సంగమం దగ్గర లేదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే మీ ప్రయాణం బాగుంటుంది. తెలియక వెళ్ళిన మా ప్రయాణం ఎలా సాగిందో ముందు చెబుతాను.

మాది కర్నూలు. అలంపురం మాకు నది అవతలి ఊరు, జోగులాంబ దర్శనానికి చిన్నప్పటి నుంచి పోతూనే ఉన్నాం. అయినా సంగమేశ్వరాలయాన్ని ప్రత్యేకంగా చూడాలని బయలుదేరింది మాత్రం నేను ఉద్యోగంలో చేరిన తర్వాతే. మ్యాపులో పేరు కనబడింది కదా అని ధైర్యంగా నాన్నను వెంటబెట్టుకొని ఆ గుడి ముందు దిగాను. అద్భుతమైన గుడి, చుట్టూ పచ్చిక, చెట్లు. నీటి చప్పుడు మాత్రం లేదు. నాన్న పంచె సర్దుకుంటూ గుడి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "సంగమేశ్వరుడు ఈడుంటే సంగమం యాడుందిరా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మమ్మను అడిగితే తెలిసింది, ఆ దేవుడు కూడా మా అమ్మమ్మ వాళ్ళలాగే ముంపు వల్ల ఊరు వదిలి వచ్చినవాడేనని.

ఈ గుడి అసలు స్థలం కూడవెల్లి. అలంపురానికి దిగువన, తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే చోటు అది. పేరులోనే కూడిక వినిపిస్తుంది. తుంగ, భద్ర అనే రెండు నదులు కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో కలిసే ఊరి పేరు కూడలి, అక్కడా ఒక సంగమేశ్వరుడు ఉన్నాడు. అక్కడ ఒక్కటైన నది 531 కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి వచ్చి మళ్ళీ ఇంకొక నదిలో కూడుతుంది. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు 885 అడుగుల పూర్తి నీటిమట్టం దగ్గర జలాశయం నిండితే వెనుక జలాలు కృష్ణ వెంబడీ తుంగభద్ర వెంబడీ ఎగదన్ని, రెండు ఒడ్డుల మీది ఊళ్ళు ఎన్నో మునిగాయి. కూడవెల్లి గుడి కూడా మునిగేదే. అందుకని పురావస్తు శాఖ వారు దాన్ని రాయి రాయిగా విప్పి, ప్రతి రాతికీ గుర్తు పెట్టుకొని, అలంపురానికి తరలించి మళ్ళీ అదే వరుసలో పేర్చి నిలబెట్టారు. అలంపురం పక్కనే ఉన్న పాపనాశి ఆలయాల సముదాయాన్ని కూడా ఇలాగే తరలించారు. అలంపురంలోని తొమ్మిది శివాలయాలను, అంటే నవబ్రహ్మ ఆలయాలను మాత్రం కదపకుండా, నదికీ గుళ్ళకూ నడుమ పెద్ద రక్షణ గోడ కట్టారు. ఇవాళ మీరు అలంపురంలో గుడి నుంచి నదిని చూడాలంటే ఆ గోడ మీదికి ఎక్కవలసి రావడానికి కారణం ఇదే.

మా అమ్మమ్మ పెళ్ళికి ముందు శివరాత్రికి కూడవెల్లి పోయేదట. రెండు నీళ్ళు కలిసే చోట మునిగి, తడిబట్టలతోనే గట్టెక్కి గుడిలోకి వెళ్ళేవారట. నేను ఆ రోజు అడిగిన తర్వాత ఆమెను కూడా అలంపురం తీసుకెళ్ళాం. చాలాసేపు గుడి గోడలను చేత్తో తడుముతూ తిరిగింది. గుర్తుపట్టింది. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, "కాళ్ళు తడవకుండా సంగమయ్యను చూడ్డం ఇదే మొదటిసారి" అంది.

గుడిని గుడిగా చూస్తే మాత్రం లోటేమీ ఉండదు. బాదామి చాళుక్యుల కాలపు కట్టడం. ఎత్తైన పీఠం, గర్భగుడి చుట్టూ కప్పు కిందనే నడిచే ప్రదక్షిణ మార్గం, ఆ మార్గానికి వెలుతురు ఇచ్చే రాతి జాలీ కిటికీలు, పైన ఉత్తరాది పద్ధతి శిఖరం. పీఠం ఎందుకంత ఎత్తుగా కట్టారో అలంపురంలో నిలబడి చూస్తే అర్థం కాదు, ఆ గుడి ఒకప్పుడు రెండు వరదల మధ్య నిలబడిందని గుర్తు చేసుకుంటేనే అర్థమవుతుంది. నవబ్రహ్మ ఆలయాల దగ్గర ఉండే రద్దీ ఇక్కడ ఉండదు కనుక మీ తల్లిదండ్రులు తీరికగా కూర్చోవచ్చు.

ఇక మీరు విన్న రెండో గుడి, అంటే ఏటా నీటిలో మునిగి ఎండాకాలంలో బయటపడేది, సంగమేశ్వరం. అది అలంపురానికి చాలా దిగువన, ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల జిల్లా వైపు, ముచ్చుమర్రి దాటి వెళ్ళాక వస్తుంది. నది అవతల తెలంగాణ ఒడ్డున సోమశిల. దాన్ని సప్తనదీ సంగమం అంటారు: కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమ, మలాపహారిణి, భవనాసి. అక్కడి లింగం రాతిది కాదు, వేప కొయ్యది అని ప్రతీతి, ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఆ గుడిని తరలించలేదు కాబట్టి అది నీటితోపాటు మునుగుతూ తేలుతూ ఉంది. (నిజానికి లెక్క చూస్తే ఆ ఏడు నదుల్లో భవనాసి తప్ప మిగిలిన ఆరూ పైన కూడవెల్లి దగ్గరే కలిసిపోయి వస్తాయి. మా వైపు వాళ్ళు ఈ మాటను కొంచెం గర్వంగానే చెబుతారు.) సాధారణంగా మాఘ ఫాల్గుణాల తర్వాత, జలాశయంలో నీరు తగ్గేదాన్ని బట్టి గుడి బయటపడుతుంది; మళ్ళీ కొత్త వరద వచ్చేదాకా ఉంటుంది. అలంపురం, సంగమేశ్వరం రెండింటినీ పెద్దవాళ్ళతో ఒకే రోజులో పెట్టుకోవద్దు. ఒక యాత్రికుల వాహనం వారి మాట నమ్మి మా బంధువులు అలా ప్రయత్నించి, రెండు చోట్లా హడావిడి దర్శనం చేసుకొని, నడుం నొప్పులతో తిరిగివచ్చారు.

అసలు సంగమానికి వెళ్ళాలంటే మీరు అడగవలసిన పేరు గొందిమళ్ళ. అలంపురం మండలంలోని ఊరు. 2016 కృష్ణా పుష్కరాలకు అక్కడ ఘాటు కట్టారు, అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి పుష్కర స్నానం చేసింది కూడా అక్కడే. ఇక్కడ "సంగమేశ్వరం" అని అడిగితే ఆటోవాళ్ళు మిమ్మల్ని అలంపురంలోని గుడికి తీసుకెళతారు, "గొందిమళ్ళ ఘాటు" అని అడిగితేనే నదికి తీసుకెళతారు. అక్కడ ఏమి కనిపిస్తుందన్నది మీరు వెళ్ళే నెలను బట్టి పూర్తిగా మారిపోతుంది కనుక దీన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

వరదల తర్వాత, అంటే సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, వాన బాగా పడిన సంవత్సరమైతే, అక్కడ రెండు నదులు కలుస్తున్నట్టు కంటికి కనిపించదు. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకటే నీటి పరుపు; ఏది కృష్ణ, ఏది తుంగభద్ర, ఏది శ్రీశైలం వెనుక జలం అని విడదీయలేము. నేను మొదటిసారి వెళ్ళింది అక్టోబరులో. ఫొటోల్లో చూపించే రెండు రంగుల నీళ్ళ గీత కోసం వెతికాను, లేదు. చేపలు పట్టే ఒకాయన పుట్టిలో నుంచే చెయ్యి చాపి అటు కృష్ణ, ఇటు తుంగభద్ర అని చూపించాడు. కూడవెల్లి ఎక్కడుండేదని అడిగితే చెయ్యి నీటి మధ్యకు చూపించాడు. రెండోసారి వెళ్ళింది ఏప్రిల్ నెలాఖరులో. అప్పటికి ఎగువన జూరాల, సుంకేసుల ఆనకట్టల దగ్గర నుంచి వచ్చే నీరు పలచబడి, దిగువ జలాశయం కూడా వెనక్కి పోయి ఉంటుంది. అప్పుడు మాత్రం నదులు నదుల్లా కనిపిస్తాయి: ఇసుక, నల్లటి మేట, బండరాళ్ళు, మధ్యలో పాయలు. నీరు వదిలిన మేట నేలలో రైతులు పంటలు వేసుకుంటారు. మునిగిన ఊళ్ళ వాళ్ళకు అది ఒక రకంగా తమ నేల తమకు కొన్ని నెలలు తిరిగి రావడమే. సంగమం ఆకారాన్ని చూడాలన్న ఆసక్తి ఉన్నవారికి ఈ కాలమే మంచిది. కానీ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, నీడ ఉండదు, ఘాటు మెట్ల కింద నీరు ఉండకపోవచ్చు కూడా. మీ అమ్మానాన్నల వయసును బట్టి నేనైతే నవంబరు చివర నుంచి జనవరి దాకా రమ్మంటాను. సంగమం నీటి పరుపుగానే కనిపించినా, స్నానానికి మెట్ల మీదే నీరు అందుతుంది.

స్నానం గురించి ఒక హెచ్చరిక. జలాశయం వెనుక జలంలో పైకి కదలిక కనిపించదు, లోతు మాత్రం మెట్టు దిగగానే మారుతుంది; అడుగున బురద మేట ఉంటుంది. పెద్దవాళ్ళను మెట్ల మీదే కూర్చోబెట్టి చెంబుతో పోసుకోమనండి. తుంగా పానం, గంగా స్నానం అన్నారు కదా అని ఆ నీటిని తాగవద్దు; ఎగువన కర్నూలు వంటి నగరాలను దాటుకొని వచ్చిన నీరది. పుట్టి ఎక్కాలని ఉంటే ఒడ్డు వెంబడి కాసేపు తిరిగి రండి, నడి సంగమం దాకా వద్దు. లైఫ్ జాకెట్ లేకపోతే అదీ వద్దు.

అలంపురం ఊళ్ళోకి వస్తే, చాలామంది జోగులాంబ దర్శనంతో ముగిస్తారు. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకంలో "అలంపురే జోగులాంబా" అని వచ్చే అమ్మవారు ఈమే. పాత ఆలయం ధ్వంసమైన తర్వాత శతాబ్దాల పాటు అమ్మవారి విగ్రహం బాలబ్రహ్మేశ్వరాలయంలోనే ఉండి, 2005లో పాత స్థలంలో కట్టిన కొత్త ఆలయానికి చేరింది. ఈ ఊరి చరిత్ర కోసం జీవితకాలం శ్రమించిన గడియారం రామకృష్ణశర్మ గారి పేరు ఇక్కడ తలచుకోక తప్పదు. దర్శనం సులభం కనుక దాని గురించి ఇంతకంటే చెప్పను. చెప్పవలసింది నవబ్రహ్మల గురించి. పేరులో బ్రహ్మ ఉన్నా తొమ్మిదీ శివాలయాలే: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. తారకబ్రహ్మ శిఖరం ఒక్కటే దక్షిణాది పద్ధతిలో మెట్లు మెట్లుగా ఉంటుంది, మిగిలినవన్నీ వంపు తిరిగి పైకి పోయే ఉత్తరాది శిఖరాలు. పదమూడు వందల ఏళ్ళ కిందట మన నేల మీద ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన కట్టి చూసిన శిల్పులు వీళ్ళు. పూజలు బాగా జరిగేది బాలబ్రహ్మలో. కానీ మీకు గంట సమయమే ఉంటే స్వర్గబ్రహ్మ గోడల చుట్టూ నడవండి. చాళుక్య వినయాదిత్యుని కాలంలో (681-696) కట్టినదని శాసనం ఆధారం. మూలల్లో దిక్పాలకులు, గోడల మీద ఎగురుతున్న గంధర్వ దంపతులు ఉంటారు. వారి కాళ్ళ మడతను చూడండి, రాయి బరువు మరచిపోతారు. గుళ్ళ మధ్యనే షా అలీ పహిల్వాన్ దర్గా కూడా ఉంది, గుళ్ళకు వచ్చేవారు అక్కడికీ వస్తారు.

రక్షణ గోడ గురించి పైన చెప్పాను. గోడ ఉన్నా, కర్నూలును ముంచిన 2009 అక్టోబరు వరద అలంపురాన్నీ వదల్లేదు. ఆ తర్వాత మేము వెళ్ళినప్పుడు గోడ మీద నిలబడి నాన్న మళ్ళీ అదే ప్రశ్న వేశాడు, ఈసారి నేను సంగమం దిక్కుకు చెయ్యి చూపించగలిగాను. తుంగభద్ర ఇక్కడ ఉత్తరవాహిని, ఒడ్డుకు నిలబడితే నది మీ ఎడమ చేతి వైపుకు పోతుంది, సంగమం అటే.

మీ రోజును ఇలా పెట్టుకోండి. జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం కాబట్టి తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరితే, అలంపురం చౌరస్తా దగ్గర ఫలహారం చేసి తొమ్మిదిన్నరకల్లా ఊళ్ళో ఉండవచ్చు. సొంత కారు లేకపోతే చౌరస్తా దగ్గర బస్సు దిగి ఆటో మాట్లాడుకోవాలి. ముందు స్నానం కావాలంటే నేరుగా గొందిమళ్ళకు వెళ్ళిపోండి, ఎండ ముదరకముందే ఆ పని ముగుస్తుంది. తిరిగి వచ్చి జోగులాంబ, బాలబ్రహ్మ. మధ్యాహ్నం భోజనం, కాస్త విశ్రాంతి. మూడు దాటాక స్వర్గబ్రహ్మ. చివరగా కూడవెల్లి సంగమేశ్వరుడు. ఆ గుడిని చివరికి ఉంచమనడానికి కారణం, పొద్దున సంగమం చూసి వచ్చిన తర్వాత అక్కడికి వెళితే, ఆ రెంటినీ మనసులో మనమే కలుపుకోగలుగుతాం. శివరాత్రికీ, దసరాకూ, 2028లో రానున్న కృష్ణా పుష్కరాలకూ మాత్రం పెద్దవాళ్ళతో రావద్దు. ఘాటు దగ్గర బండి నిలపడానికి కూడా చోటు దొరకదు.