పాఠశాల సంగతి తరువాత, ముందు ఆ గృహప్రవేశం సంగతి

ప్రశ్న: మాది హైదరాబాదు, నల్లకుంట. మా మామగారు గోదావరి జిల్లాలో శివాలయం అర్చకులు. మావారు స్మార్తం, అంటే ఇళ్లల్లో శుభకార్యాలు చేయించే విద్య, చదువుకుని ఇక్కడ పౌరోహిత్యం చేస్తారు. పిల్లల స్కూలు ఫారాల్లో తండ్రి వృత్తి దగ్గర ‘బిజినెస్’ అని రాస్తూ ఉంటాను. పెద్దవాడు తొమ్మిదో తరగతి, ఐ.ఐ.టి. ఫౌండేషన్‌లో ఉన్నాడు. చిన్నవాడికి తొమ్మిదేళ్లు, లెక్కలు అసలు రావు. మాఘమాసంలో మా అక్కావాళ్లు కొండాపూర్‌లో గృహప్రవేశం చేసుకుంటే మావారే చేయించారు. మా బావగారు తన ఆఫీసువాళ్లకు ఆయనను “మా పంతులుగారు” అని పరిచయం చేసి, చివర కవరులో సంభావన పెట్టి ఇచ్చారు. నేను పక్కనే ఉన్నాను. సర్దుకున్నాం. అప్పటినుంచి మావారు చిన్నవాడికి ఉపనయనం చేసి వేదపాఠశాలలో వేస్తానని పట్టుబట్టారు. వాడికి రేపు పిల్లనెవరిస్తారు? అలాగని వంశవిద్య మాతోనే ఆగిపోతే పాపమేమోనని భయం. వేయక తప్పకపోతే ఏ పాఠశాల మంచిది? కార్తీకంలో అక్కావాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి మళ్లీ ఆయననే రమ్మన్నారు. మావారికి తెలియకుండా రాస్తున్నాను.

జవాబు: అమ్మా, ఏ పాఠశాల మంచిదో నేను చెప్పబోవడం లేదు. కీసరగుట్ట వేదపాఠశాలా, తిరుమల ధర్మగిరి పాఠశాలా అన్నది తల్లీ తండ్రీ ఒక మాట మీదికి వచ్చిన తరువాత అడగవలసిన ప్రశ్న. మీ ఇంట్లో ఆ మాట కుదరలేదు సరికదా, ఈ పట్టుదల అసలు పిల్లవాడి గురించి పుట్టిందే కాదు. తొమ్మిదేళ్లుగా లేని ఆలోచన మీవారికి కొండాపూర్ నుంచి తిరిగి వచ్చాక కలిగిందని మీరే రాశారు. పదిమందిలో తనను చిన్నబుచ్చిన పరిచయానికి ఆయన ఇవ్వదలచుకున్న జవాబు అది. ఆ పూట మీరు చెప్పవలసిన మాట మీరు చెప్పలేదు కనుక, దానిని ఆయన చిన్న కొడుకు చేత చెప్పించాలని చూస్తున్నారు.

“మా మరదలి భర్త అని కూడా చెప్పండి బావగారూ” అని మీరు నవ్వుతూనే అని ఉంటే ఎవరి పరువూ పోయేది కాదు. మీ బావగారిని నేను వెనకేసుకు రావడం లేదు. అయినవాడే పూనుకుని కార్యం చేయించినప్పుడు, చివర ఆ దంపతులిద్దరినీ పిలిచి, బొట్టు పెట్టి, బట్టలు పెట్టి, తాంబూలంలో దక్షిణ ఉంచి సాగనంపడం మన ఇళ్లల్లో ఒకరు నేర్పవలసిన మర్యాద కాదు. తోడల్లుడి చేతిలో అందరితో పాటు ఒక కవరు పెట్టి ఊరుకున్న మనిషికి ఆ మర్యాద తెలియదనే అంటాను. అయితే ఆయనను మార్చడం మన చేతిలో లేదు, మీవారికి ఆయన మాట అంతగా తగిలి ఉంటుందనీ నేను అనుకోను. అలాంటి యజమానులను ఆయన రోజూ చూస్తూనే ఉంటారు. తగిలింది మీ మౌనం. సర్దుకున్నామని రాశారు. మీరు సర్దుకున్నారు, ఆయన సర్దుకోలేదు.

కటువుగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. స్కూలు ఫారంలో ‘బిజినెస్’ అని మీ చేత ఎవరు రాయించారు? ఆ స్కూలు ఫీజూ, పెద్దవాడి ఫౌండేషన్ ఫీజూ కూడా అలాంటి సంభావన కవర్లతోనే కడుతున్నారు కదా. పిల్లలకు రాయడం, చదవడం వచ్చు. తండ్రి చేసే పనిని తల్లి ఏమని రాస్తోందో వాళ్లు చూడలేదని అనుకుంటున్నారా?

మీవారు ఎక్కడి నుంచి వచ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి. మీ మామగారి తరంలో గుడి మాన్యమూ, తండ్రి తరువాత కొడుకన్న నమ్మకమూ ఉండేవి. 1987 నాటి దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది, 2007లో చట్టాన్ని సవరించి కొంత తిరిగి ఇచ్చేనాటికి ఎన్నో ఊళ్లల్లో అర్చకుల పిల్లలు గుడి తాళాలు వదిలేసి పట్నాలకు వచ్చేశారు. ఆ చట్టం తప్పని నేను అనను. ఏ కొలువైనా పుట్టుకతోనే రాసిపెట్టి ఉండాలనడం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఊళ్లో నిలిచినవారి సంగతి చెప్పాలంటే, తెలంగాణలో ధూపదీప నైవేద్య పథకం కింద చిన్న గుళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం నెలకు 6,000 రూపాయలుగా ఉన్నదానిని 10,000 చేయడానికి 2023 వరకు పట్టింది. ఊరు విడిచి వచ్చినవారు పట్నంలో పొద్దున్నే స్కూటరు వేసుకుని మూడు గృహప్రవేశాలకు తిరగాలి. శూన్యమాసంలోనూ మూఢంలోనూ చేతిలో పని లేకుండా కూర్చోవాలి. ఫోటోగ్రాఫరు చెప్పినప్పుడు మంత్రం ఆపి, మళ్లీ మంగళసూత్రం పట్టించాలి. గంటన్నర కల్పాన్ని అరగంటలో ముగించమనే యజమానికి నవ్వు ముఖంతో సమాధానం చెప్పాలి. ఇంతా చేసి ఇంటికి వస్తే, ఆ పని పేరు కాగితం మీద రాయడానికి ఇంట్లోనే ఇబ్బంది పడుతున్నారు. ఆ మనిషి మొండితనం నాకు అర్థమవుతోంది.

అర్థమైనంత మాత్రాన సమర్థించను. మీవారికి నేను చెప్పవలసిన మాట కూడా ఒకటి ఉంది, ఈ ఉత్తరం ఆయనకు చూపించండి. వంశవిద్య నిలవాలంటే పెద్దవాడు వంశంలో లేడా? తెలివైనవాడు ఐ.ఐ.టి.కి, లెక్కలు రానివాడు వేదానికి అని పంచి పెట్టిన ఇంట్లో వేదాన్ని అవమానించింది బావగారు కాదు. యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖలో సంహిత, బ్రాహ్మణం, ఆరణ్యకం కలిపి ఎనభై రెండు పన్నాలు, అంటే అధ్యాయాలు. అవి పుస్తకం చూడకుండా, స్వరం తప్పకుండా నోటికి రావాలి. ఆ పైన మంత్రంలోని పదాలను జతలు కట్టి, తిప్పి చెప్పే పద్ధతులు, క్రమం, జట, ఘన. ఘనలో పదాలు ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని ముందుకూ వెనక్కూ నడుస్తాయి, ఆ నడకలోనే సంధులను బట్టి స్వరం మారుతూ ఉంటుంది. లెక్కలంటే భయపడే పిల్లవాడికి ఇది తేలిక దారి అని స్మార్తం చదివిన మనిషే అనుకోవడం ఆశ్చర్యం. ధర్మగిరిలో వేదమైతే 12 ఏళ్లు, ఆగమమో (గుడి పూజల విద్య) స్మార్తమో అయితే 8 ఏళ్లు. అన్నేళ్లు తల్లి దగ్గర లేకుండా గడపవలసిన పిల్లవాణ్ణి, “నీకు చదువు రాదు కనుక ఇక్కడికి వచ్చావు” అన్న మాటతో లోపలికి పంపితే వాడు అక్కడా నిలవడు, ఇక్కడికీ తిరిగి రాలేడు.

పాపం సంగతి. దీని మీద ఎక్కువ రాయను. మన తెలుగునాట శివాలయాల్లో తంబళ్లూ జంగాలూ, విష్ణ్వాలయాల్లో, ఆంజనేయుడి గుళ్లల్లో చాత్తాద శ్రీవైష్ణవులూ, ఇలా బ్రాహ్మణేతరులే తరతరాలుగా పూజలు చేస్తున్నారు. గ్రామదేవతల కొలువులో బ్రాహ్మణుడి ప్రమేయమే చాలాచోట్ల లేదు. కేరళలో ఒక శివాలయంలో, శిక్షణ పొందిన బ్రాహ్మణేతరుణ్ణి పూజారిగా నియమిస్తే 2002లో సుప్రీంకోర్టు సరేనన్నది. దేవుడి పనికి మనుషులు కరువై మీ తొమ్మిదేళ్ల పిల్లవాడి కోసం ఎదురు చూడడం లేదు. ఇష్టపడి చదివితే సంతోషం, చదవకపోతే దోషం లేదు. నిజంగా విద్య నిలవాలన్న తపనే ఉంటే, ఉపనయనం ఇద్దరికీ చేసి, తెల్లవారుజామున గంటసేపు తండ్రి ఇద్దరినీ కూర్చోబెట్టి సంధ్యావందనమూ పురుషసూక్తమూ రుద్రమూ చెప్పవచ్చు. ఫౌండేషన్ క్లాసు అడ్డం వస్తుందని పెద్దవాణ్ణి మినహాయించకండి. తండ్రిని గురువుగా చూడవలసిన అవసరం, నాకు తోచినంతలో, వాడికే ఎక్కువ.

పిల్లనెవరిస్తారు అన్నారు. మీ నాన్నగారు ఇవ్వలేదా? కర్ణాటకలో బ్రాహ్మణ అభివృద్ధి మండలి, పురోహితుణ్ణి పెళ్లాడే పేదింటి అమ్మాయికి 3 లక్షల రూపాయలిచ్చే పథకాన్ని 2021లో ప్రకటించింది. పరిస్థితి అంతవరకూ వచ్చింది, నిజమే. ఆ ఆడపిల్లల తల్లులు ఎవరో కాదు, భర్త వృత్తిని ఫారంలో మార్చి రాసే మీవంటి ఇల్లాళ్లే. పదహారేళ్ల తరువాత రాబోయే కోడలి గురించి బెంగ తరువాత పెట్టుకోవచ్చు.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. పిల్లవాడి ప్రస్తావన తేకుండా, మీవారితో ఆ గృహప్రవేశం గురించి మాట్లాడండి. అక్కను గానీ బావగారిని గానీ తిట్టి తప్పించుకోకుండా, మీరు ఎందుకు ఊరుకున్నారో చెప్పండి. సిగ్గుపడి ఊరుకుంటే సిగ్గుపడ్డానని చెప్పండి. ఆయన కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి, ఆ కోపానికి ఇన్ని నెలలుగా దారి లేదు. తరువాత మీ అక్కకు మీరే ఫోన్ చేయండి, ఆయన చేత చేయించకండి. వ్రతానికి ఆయన చెల్లెలి భర్తగా వస్తారు, చేయించడానికి వేరే పురోహితుణ్ణి మాట్లాడుకోమనండి. ఆయనే చేయించాలని అక్కకు ఉంటే, వచ్చినవారికి ఆయన ఎవరో బావగారు సరిగా చెప్పాలి, చివర మీ దంపతులిద్దరికీ తాంబూలం ఇవ్వాలి. అక్క నొచ్చుకుంటుందేమో, నొచ్చుకోనివ్వండి. తోబుట్టువుల మధ్య ఆ మాత్రం మాట చెల్లుతుంది.

స్కూలు తెరిచాక కొత్త ఫారం వస్తుంది కదా, అందులో ‘పురోహితులు’ అని రాయండి. ఇవన్నీ జరిగిన తరువాత కూడా మీవారు పాఠశాల మాటే అంటే, అప్పుడు చిన్నవాణ్ణి అడగాలి. వాడి మాట మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు. వేసవి సెలవుల్లో తండ్రీ కొడుకులు ఏదైనా పాఠశాలకు వెళ్లి, నాలుగు రోజులు ఉండనిస్తే ఉండి, అధ్యయనం ఎలా సాగుతుందో చూసి రావచ్చు. ప్రవేశాల గడువు ఈ ఏడు దాటిపోయినా నష్టం లేదు, తొమ్మిదేళ్లవాడికి ఇంకా సమయం ఉంది. అప్పుడు కావాలంటే మళ్లీ రాయండి, ఏ పాఠశాల అన్నది మాట్లాడుకుందాం. ఈసారి ఉత్తరం ఇద్దరూ కలిసి రాయండి.