రాత్రి డ్యూటీలో ఒక్కడివే ఉన్నావా తమ్ముడూ?

సందేహం: మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. మాస్టర్స్ కోసం ఇంగ్లండ్ వచ్చి మూడు నెలలైంది. శని, ఆదివారాలు పెట్రోల్ బంకులో రాత్రి డ్యూటీ చేస్తున్నాను. తెల్లారేదాకా ఒక్కణ్ణే. ఇట్లా పెట్టడం చట్టప్రకారం సరేనా? అడిగితే పని పోతుందేమోనని భయం.

జవాబు: తమ్ముడూ, ఒక్కరితో పని చేయించడం ఇక్కడ నేరం కాదు. కానీ ప్రమాదాలేంటో ముందే చూసుకోవడం, నీకు పని నేర్పడం, డ్యూటీలో ఉన్నంతసేపు నీ మంచిచెడ్డలు కనుక్కోవడం యజమాని బాధ్యత. 1974 నాటి చట్టం ఉంది దీనికి. స్టూడెంట్ వీసా అయినంత మాత్రాన ఆ బాధ్యత తగ్గదు. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటి చేస్తుంటే మాత్రం ముందు అది ఆపు. గంటలు దాటిన సంగతి బయటపడుతుందన్న భయంతోనే మనవాళ్లు నోరు విప్పరు.

నల్లగొండ నుంచి వచ్చిన కొత్తలో నేనూ ఒక షాపులో రాత్రిళ్లు చేశాను. ఒకరోజు పాల ట్రేలు తేవడానికి కోల్డ్ రూమ్‌లోకి పోతే వెనక తలుపు పడింది. లోపలి నుంచి నెట్టే గుండీ ఉంది గానీ దానికి అడ్డంగా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఫోను కౌంటర్ మీద ఉంది. పెట్టెలన్నీ లాగి గుండీ నెట్టేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. పొద్దున ఆరింటిదాకా ఇటు వచ్చే మనిషే లేడన్నది అప్పుడు తెలిసొచ్చింది.

బయటికొచ్చి కూర్చుంటే నాయిన యాదికొచ్చాడు. తెలంగాణ అంతటా పొలాలకు 24 గంటల కరెంటు 2018లో వచ్చింది. అంతకుముందు మా దిక్కు రాత్రిపూట బాయికాడికి పోయి మోటారు వేయాల్సిందే. తడినేల, స్టార్టర్ డబ్బా, గట్ల మీద పాములు. మోటారు వేయగానే నాయిన బాటరీ లైటు ఇంటి దిక్కు రెండుసార్లు ఊపేవాడు. అమ్మ వాకిట్లో నిలబడి చూసేది. వెలుగు కనపడలేదంటే చిన్నాయినను లేపి పంపేది. ఒకసారి అట్లనే పోతే నాయిన కాలు మడతపడి గట్టు కింద కూలబడి ఉన్నాడు.

నీకూ అట్లా చూసే మనిషి కావాలి. ఊళ్లో అమ్మకు వాట్సాప్ పెడితే టెన్షన్ పడుతుంది తప్ప ఏం చేయగలదు? అక్కడి నుంచి కొడితే ఇక్కడి అత్యవసర నంబరు 999 కలవదు. రూమ్మేట్‌తో మాట్లాడుకో. గంటకోసారి మెసేజ్ పెట్టు. రాకపోతే పది నిమిషాలు చూసి నీకు ఫోన్ చేయాలి, తర్వాత బంకు నంబరుకు, అదీ ఎత్తకపోతే 999కి. బంకు అడ్రసు పోస్ట్‌కోడ్‌తో సహా వాడి ఫోన్లో ఉండాలి. రాత్రి ఫోన్ ఎత్తే నంబరు ఒకటి ఇమ్మని ఓనర్‌ను కూడా అడుగు. ఈ మాత్రం అడగడం తప్పు కాదు.

ఎవడైనా కత్తి చూపిస్తే గల్లా పెట్టెలో ఉన్నది ఇచ్చెయ్. వెంటపడకు. మాట్లాడే వీలు లేకపోతే మొబైల్ నుంచి 999కి కొట్టి, నొక్కమన్నప్పుడు 55 నొక్కు, పోలీసులకు కలుపుతారు. అయితే 55 నొక్కినంత మాత్రాన నువ్వెక్కడున్నావో వాళ్లకు తెలియదు. గొంతు తగ్గించైనా పోస్ట్‌కోడ్ చెప్పగలగాలి. నోటికి వచ్చిందా? ఈ శనివారం డ్యూటీకి పోయేముందు రూమ్మేట్‌కు ఒకసారి అప్పజెప్పి చూడు. ఫోను మాత్రం జేబులోనే ఉంచుకో.