అద్దెకున్న అబ్బాయి మధ్యలో ఖాళీ చేస్తానంటే: మా బుజ్జికి

బుజ్జీ, నీ వాయిస్ మెసేజ్ విన్నా. బెంగళూరు కేఆర్ పురంలో నీ ఫ్లాట్‌లో అద్దెకున్న అబ్బాయికి పూణే ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఆరు నెలల లాకిన్ (ఖాళీ చెయ్యకూడదని రాసుకున్న గడువు) అవ్వకుండానే పోతానంటున్నాడు, నువ్వేమో అడ్వాన్స్‌లో రూపాయి కూడా ఇవ్వనంటున్నావ్. ఆ మాట అతనితో మాత్రం అనకే తల్లీ, అన్నావంటే రేపట్నుంచి అద్దె ఆపేసి అడ్వాన్స్‌లో పట్టుకోండి అంటాడు, సామాను సగం వదిలేసి తాళమేసుకుని పోతే ఆ ఇల్లు ఇంకొకరికి ఎలా చూపిస్తావ్?

ముందు అగ్రిమెంట్ తీసి లాకిన్ ఎన్నాళ్ళు, నోటీసు ఎన్నాళ్ళు, ముందే వెళ్తే ఏం కట్టాలని రాశారో చూడు. నోటీసు సంగతే రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దెకి 15 రోజుల నోటీసు చాలు. పెనాల్టీ ఎంత పెద్దది రాసుకున్నా 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇచ్చేది న్యాయంగా తోచిన పరిహారమే, రాసుకున్నదంతా ఇచ్చి తీరాలని లేదు. అయినా ఇంత దానికి కోర్టు దాకా ఎవరు తిరుగుతారు.

నీకు నిజంగా పోయేదేంటి? ఇల్లు ఖాళీగా ఉన్న రోజుల అద్దె, బ్రోకర్‌కి ఇచ్చేది, అంతే. 2023లో మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా కలిశాక ఆ ఏరియాలో ఇల్లు ఊరికే ఉండదు, పైగా ఇప్పుడు మే నెల, స్కూళ్ళు తెరిచేలోపు మారాలని ఫ్యామిలీలు తెగ తిరుగుతుంటారు. ఆషాఢం పడిందంటే మనవాళ్ళైనా కన్నడం వాళ్ళైనా పాలు పొంగించరు, అప్పుడు నెలంతా నువ్వే మెయింటెనెన్స్ కట్టుకోవాలి. అందుకే లాకిన్ లాకిన్ అని పట్టుకోకుండా అతన్ని తొందరగా పంపడమే నీకు లాభం.

ఇలా చెప్పు: రెండు నెలల నోటీసు ఇవాళ్టి నుంచే లెక్క, కొత్తవాళ్ళు చేరిన రోజు నుంచి మాత్రం నీ అద్దె ఆగిపోతుంది. చూడు, ఇళ్ళు అద్దెకి పెట్టే నోబ్రోకర్ సైట్‌లో ఫోటోలు అతనే పెడతాడు, ఆదివారాలు ఇంట్లో ఉండి అతనే చూపిస్తాడు. ఎవరికివ్వాలో మాత్రం నీ ఇష్టం. నా ఫ్రెండ్ ఉంటాడండీ అంటే సరే అను, కానీ కొత్త అగ్రిమెంట్, కొత్త అడ్వాన్స్, ఆధార్, ఆఫీస్ ఐడీ అన్నీ తీసుకున్నాకే. ఒప్పుకున్నదంతా మెయిల్‌లో ఉండాలి, ఫోన్ మాటలు నమ్మకు. చివరి అద్దె అడ్వాన్స్‌లో పట్టుకోమంటే ఒక్క నెల ఒప్పుకో, మిగతాది తాళాలు చేతికొచ్చేదాకా నీ దగ్గరే ఉండనీ.

సామాను దిగిపోయాక పగటిపూట అతను పక్కనుండగానే ఇల్లు చూడాలి, వెళ్ళిపోయాక ఫోటోలు పంపితే గొడవే. సింక్ కింద చెక్క ఉబ్బిందేమో చేత్తో తడిమి చూడాలి, గీజర్ ఆన్ చేసి వేడినీళ్ళు వచ్చేదాకా నిలబడాలి, దోమల మెష్, కబోర్డ్ తాళాలు, టీవీ కోసం కొట్టిన బొక్కలు. బెస్కాం కరెంట్ మీటర్ రీడింగ్ ఫోటో, అసోసియేషన్ బాకీ కూడా. బాకీ ఉంటే కొన్ని అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ వాళ్ళు లారీనే బయటికి వదలరు.

ఇక పెయింటింగ్ అని బెంగళూరులో ఒక నెల అద్దె కోసేయడం మామూలే, అగ్రిమెంట్‌లో ఉంటే అడుగు, కాదనను. కానీ ఐదు నెలలకే గోడలేం పాడవుతాయి? డబ్బు కోసేసి సున్నం కూడా వెయ్యని ఓనర్లు మా లేఅవుట్‌లో బోలెడుమంది, ఆ బ్యాచ్‌లో నువ్వు చేరకు, సగం తీసుకుని బొక్కలు పూడ్పించు చాలు. తాళాలిచ్చిన రోజే మిగతా అడ్వాన్స్ అకౌంట్‌లో వేసేసి, లెక్క తేలిపోయిందని ఇద్దరూ మెయిల్‌లో ఒక ముక్క రాసుకోండి. నయం, అద్దెకిచ్చావ్, ఇక్కడ చాలామందిలా పది పదిహేను లక్షలు ఒకేసారి తీసుకుని నెలనెలా అద్దె లేకుండా లీజుకిచ్చుంటే, అదంతా తిరిగివ్వడానికి ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణుంచి తెచ్చేదానివి.

నువ్వు హైదరాబాద్ నుంచి పరిగెత్తుకు రానక్కర్లేదు, శనివారం బాబాయి అటువైపు వెళ్తున్నారు, ఎవరైనా చూడ్డానికొస్తే ఆయన ఉంటారు. అద్దె సంగతి మాత్రం నువ్వే ఫోన్‌లో మాట్లాడు, ఆయనకి వదిలేస్తే వచ్చినవాళ్ళు అడక్కముందే రెండు వేలు తగ్గించేస్తారు.