బిడ్డ తల దిగి ఆగిపోతే: వాక్యూమ్ కాన్పుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా కోడలికి తొలి కాన్పు. చివర్ల బిడ్డ రాకపోతే డాక్టరమ్మ కప్పు పెట్టి తీసింది. బాబు నెత్తి మీద ఉబ్బు లేచింది. కప్పుతోని గుంజితే పిల్లలకు తెలివి తక్కువైతదని చుట్టాలు అంటున్నరు. నిజమేనా?
– ఒక అత్తమ్మ, నకిరేకల్

జవాబు: కాదమ్మా. బిడ్డ తలకు కప్పు అంటించి, లోపలి గాలి లాగేసి పట్టు బిగించి బయటికి తీసే ఈ పద్ధతినే వాక్యూమ్ కాన్పు అంటారు. ఇలా పుట్టిన పిల్లలను బడి వయసు దాకా గమనించినా చదువులో, తెలివిలో తేడా కనిపించలేదు. కప్పు కింద లేచిన ఉబ్బు ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుంది. మర్నాడు ఒకే పక్క గడ్డలా తేలితే అది ఎముక పైపొర కింద చేరిన రక్తం. కరగడానికి కొన్ని వారాలు పడుతుంది. దాన్ని పిండొద్దు, మర్దన చేయొద్దు, సూదితో తీయించొద్దు. కరిగేటప్పుడు పచ్చకామెర్లు పెరగొచ్చు కనుక బాబు కళ్లు, ఒళ్లు చూస్తుండండి.

భయపడాల్సిన వాపు వేరు. అది చెవుల దాకా, మెడ వెనక్కి పాకుతుంది. తాకితే నీళ్ల సంచిలా కదులుతుంది. బిడ్డ పాలిపోతాడు, పాలు తాగడు. ఎక్కువగా మొదటి రోజే కనిపిస్తుంది. అలా ఉంటే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: అచ్చంపేట వైపు సామాజిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌ని. వాక్యూమ్ యంత్రం బీరువాలోనే ఉంది. తల బాగా దిగిన కేసులను కూడా మహబూబ్‌నగర్ పంపుతున్నాం. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి? కప్పు ఎందుకు ఊడిపోతుంది?

జవాబు: ప్రాథమిక అత్యవసర ప్రసూతి సేవలుగా లెక్కించే ఏడింటిలో ఇదొకటి. అయినా పేద దేశాల్లో ముందుగా మూలపడేది ఇదే. నేర్పే సీనియర్లు తగ్గారు, రబ్బరు గొట్టాలు పగిలినా మార్చేవారు లేరు, ఏదైనా అయితే నింద తమ మీద పడుతుందన్న భయమూ ఉంది. ఉగాండాలోని ములాగో ఆసుపత్రి శిక్షణతో దీన్ని తిరిగి వాడుకలోకి తెచ్చింది. మీరూ ముందు బొమ్మ మీద, తర్వాత జిల్లా ఆసుపత్రిలో అనుభవజ్ఞుల పక్కన నిలబడి చేయండి. ఒంటరిగా మొదలుపెట్టొద్దు.

ఎంపికలోనే సగం పని ఉంది. గర్భసంచి ముఖద్వారం పూర్తిగా 10 సెం.మీ. తెరుచుకోవాలి, ఉమ్మనీరు పోయి ఉండాలి, మూత్రాశయం ఖాళీ చేయాలి. పొట్ట మీద తడిమితే తల అయిదింట ఒక వంతుకు మించి తగలకూడదు. 34 వారాలు నిండకపోయినా, ముఖం ముందుగా వస్తున్నా, ఎదురుకాళ్లయినా వాక్యూమ్ వద్దు.

కప్పు మధ్యభాగం వెనక మాడుకు (బిడ్డ తల వెనకవైపు ఎముకలు కలిసే మెత్తని చోటుకు) 3 సెం.మీ. ముందు, నడి గీత మీద ఉండాలి. కప్పులు ఊడేది ఎక్కువగా ఇక్కడ తప్పినప్పుడే. ముందుకో పక్కకో జరిగితే తల వంగడానికి బదులు పైకి లేస్తుంది. తల అడ్డుకొలత పెరిగి ఎంత లాగినా రాదు. గాలి లాగే పీడనం ముందు 0.2 కిలోలకు (చదరపు సెం.మీ.కు) తెచ్చి, అంచు చుట్టూ వేలు తిప్పి తల్లి కండ ఇరుక్కోలేదని చూసుకోండి. తర్వాతే 0.8కి, అంటే దాదాపు 600 మి.మీ. పాదరసానికి పెంచండి. నొప్పి వచ్చి తల్లి ముక్కినప్పుడే, కప్పుకు లంబంగా లాగాలి. మొదట కిందికి, తల కనబడ్డాక క్రమంగా పైకి. ఊపడం, తిప్పడం అసలే వద్దు. రెండో చేతి బొటనవేలు కప్పు మీద, చూపుడువేలు బిడ్డ తల మీద ఉంటే కప్పు జారుతున్న సంగతి ముందే తెలుస్తుంది.

మూడు నొప్పుల్లో తల కదలకపోయినా, కప్పు రెండుసార్లు ఊడినా ఆపేయండి. ఆ మీదట ఫోర్సెప్స్ (తలను పట్టి లాగే పట్టకారు లాంటి పరికరం) ప్రయత్నించకుండా సిజేరియన్‌కే వెళ్లాలి. అందుకే మీ దగ్గర ఆపరేషన్ థియేటర్ లేకపోతే తల బాగా కిందున్న కేసులే తీసుకోండి, 108ని ముందే పిలిపించి వాకిట్లో ఉంచండి.

కాన్పయ్యాక తల్లికి ఆరు గంటల్లోపు నరంలోకి ఒక్క మోతాదు యాంటీబయాటిక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. అమాక్సిసిలిన్ 1 గ్రాము, క్లావులానిక్ యాసిడ్ 200 మి.గ్రా. వాడతారు. బిడ్డకు బిగుతు టోపీ తొడగొద్దు, తల మాటిమాటికీ చూడాలి.

ప్రశ్న: నాకు ఏడో నెల. ఇంత తిప్పలెందుకు, ఆపరేషనే చేయించుకో అంటున్నారు ఇంట్లో.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5. అవసరమైతే ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ తల లోతుకు దిగాక చేసే సిజేరియన్‌లో గర్భసంచి కోత చీలి రక్తం ఎక్కువ పోవచ్చు. తర్వాతి కాన్పులో మాయ పాత కోతకు అతుక్కునే ముప్పూ ఉంది. వాక్యూమ్‌లో యోని చీలి కుట్లు పడొచ్చు, అదీ తెలుసుకోండి. మీరు కాన్పుకు వెళ్లే ఆసుపత్రిలో వాక్యూమ్ చేస్తారా, రాత్రిపూట చేయగల డాక్టరు ఉంటారా అని ఎనిమిదో నెల చెకప్‌లోనే అడగండి.